వెనక డోరులో పోయింది స్పీకరేనా?

కారులో సౌండు కాస్త పెంచగానే వెనక డోరులోంచి బర్రుమని జీర వస్తుంది. షాపుకి తీసుకెళ్తే ‘స్పీకర్లు పోయాయి, జత మార్చేద్దాం’ అంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగే కార్ల విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. భోగాపురం నుంచి బారువ దాకా ఉప్పుగాలే. వానాకాలం పోయిందనుకునేసరికి వాయుగుండాలు మొదలవుతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే విరుచుకుపడ్డాయి. ఇక్కడ కాలిపోయి చెడే స్పీకర్లు ఉన్నట్టే, నానిపోయి చెడేవీ ఉంటాయి. నీళ్లు కారుతున్న డోరుని అలాగే ఉంచి కొత్త స్పీకరు బిగిస్తే, అదీ పాతదాని దారే పడుతుంది.

కాబట్టి ముందు చెడింది ఏమిటో తేల్చుకోవాలి. స్టీరియోలో ఫేడర్‌ని (సౌండుని ముందు, వెనకలకి పంచేది) పూర్తిగా వెనక్కి, బ్యాలెన్స్‌ని (కుడి, ఎడమలకి పంచేది) పూర్తిగా ఒక పక్కకి జరిపితే ఒక్క స్పీకరే మోగుతుంది. కుడి, ఎడమ విడివిడిగా వినండి. తక్కువ సౌండులోనూ గీరుకుంటున్నట్టు ఉంటే లోపలి వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) అయస్కాంతానికి రాసుకుంటోందని అర్థం. ఇక అది బాగుపడదు. బేస్ వచ్చినప్పుడు మాత్రమే అదిరితే కోన్ (ముందు కనిపించే గరాటులాంటి పొర) చిరిగి ఉండవచ్చు, లేదా డోరు ప్యాడు (లోపలివైపు తొడుగు) క్లిప్పు ఊడి ఉండవచ్చు. ప్యాడుని అరచేత్తో గట్టిగా అదిమి వింటే తేడా తెలిసిపోతుంది. డోరు తీసి వేసినప్పుడల్లా మోగుతూ ఆగుతూ ఉంటే స్పీకరు జోలికి వెళ్లకండి. బాడీకీ డోరుకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో తీగ వంగి వంగి లోపల తెగుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. వెనక రెండూ ఒకేసారి మూగబోతే అనుమానించాల్సింది స్టీరియోనే.

ప్యాడు విప్పాక స్పీకరు తీగల కప్లరు (ప్లగ్గు) ఊడదీసి, మల్టీమీటరుని ఓమ్‌ల మీద పెట్టి స్పీకరు రెండు టెర్మినళ్లకీ తాకించండి. 4 ఓమ్‌ల స్పీకరు సుమారు 3.2 నుంచి 3.8 దాకా చూపించాలి. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయింది. మీటరు లేనివాళ్లు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుతో చూడొచ్చు. సెల్లు ప్లస్‌ని స్పీకరు ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకిస్తే ‘టప్’మని కోన్ బయటికి వస్తుంది. లోపలికి వెళ్తే ప్లస్సు, మైనస్సు తారుమారయ్యాయన్నమాట. కారు బ్యాటరీ 12 వోల్టులతో మాత్రం ఈ పని చేయకండి, బాగున్న కాయిల్ కూడా మాడిపోవచ్చు.

కాలిపోయిన కాయిల్ విషయంలో తప్పు సాధారణంగా వాడకంలో ఉంటుంది. స్టీరియో మీద ‘50 వాట్లు, నాలుగు ఛానళ్లు’ అని రాసి ఉన్నా, విడిగా ఆంప్లిఫయరు లేకుండా 14.4 వోల్టుల మీద నడిచే సెట్టు 4 ఓమ్‌లకి నికరంగా ఇవ్వగలిగింది ఛానల్‌కి 15 నుంచి 20 వాట్లే. బేస్‌ని 6 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాలకి నాలుగు రెట్ల పవరు కావాలి. అంత పవరు సెట్టులో ఉండదు. అప్పుడు నునుపుగా సాగాల్సిన సిగ్నల్ అల పైనా కిందా కోసేసినట్టు బల్లపరుపుగా వస్తుంది. ఆ సిగ్నల్‌తో కాయిల్ వేడెక్కి, అతికించిన గమ్ము వదిలేస్తుంది. సౌండు చివరిదాకా, బేస్ చివరిదాకా పెట్టే అలవాటు ఉన్న కారులో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా ఇదే జరుగుతుంది.

అందుకే కొనేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే ‘300 వాట్లు’ చూడకండి. ఆర్‌ఎంఎస్ వాట్లు (ఆగకుండా తట్టుకునే పవరు) 30 నుంచి 60 మధ్య ఉంటే చాలు. అంతకంటే ముఖ్యం సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవరుకి ఎంత గట్టిగా మోగుతుందన్నది. అది 90 డెసిబెల్స్, ఆ పైన ఉండాలి. 87 ఉన్న స్పీకరు 90 ఉన్నదానంత మోగాలంటే రెట్టింపు పవరు కావాలి. కంపెనీ సెట్టు దగ్గర ఆ పవరు లేదు. ఓమ్‌లు పాత స్పీకరు వెనక ఎంత రాసి ఉంటే అంతే తీసుకోండి. విడిగా ఆంప్లిఫయరుతో వచ్చే కొన్ని కార్లలో 2 ఓమ్‌లవి ఉంటాయి. వాటి స్థానంలో 4 పెడితే సౌండు తగ్గుతుంది. 4 ఉన్నచోట 2 పెడితే సెట్టు వేడెక్కుతుంది. తీరంలో ఉండేవాళ్లకి కాగితపు కోన్, ఫోమ్ అంచు ఉన్నవి నేను చెప్పను. పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవే తేమకి ఆగుతాయి. ఒక పక్కదే పోయినా రెండూ మార్చండి. లేకపోతే కుడి, ఎడమ ఒకే గొంతుతో పలకవు.

సైజు దగ్గర తొందరపడకండి. చిన్న కార్ల డోర్లలో 6.5 అంగుళాలవి మామూలే గానీ, లోతు ఒక్కో కారుకి ఒక్కోలా ఉంటుంది. అద్దం పూర్తిగా దించి, డోరు రేకు నుంచి అద్దం దాకా స్కేలుతో కొలవండి. కొత్త స్పీకరు లోతులోంచి, స్పీకరుకీ రేకుకీ మధ్య పెట్టే రింగు మందం తీసేశాక కూడా అద్దానికి కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ముందువైపు ట్వీటరు (సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు) ప్యాడు జాలీకి తగలకూడదు.

విప్పేముందు అద్దం పైకెత్తేయండి, డ్రిల్లు తగిలే చోట అద్దం ఉండకూడదు. హ్యాండిల్ గుంటలో, లివరు వెనక చిన్న మూతల కింద స్క్రూలు దాగి ఉంటాయి. అవి తీశాక ప్లాస్టిక్ పట్టీతో కింది అంచు నుంచి ఒక్కో క్లిప్పు వదులు చేస్తూ వచ్చి, చివరగా ప్యాడుని పైకి లేపాలి. లాగేయకండి, వెనక పవర్ విండో కప్లరు, లివరు కేబులు తగులుకుని ఉంటాయి. ఎండకి ఎండిన పాత క్లిప్పులు విరుగుతాయి. ఒకటి నమూనాగా పట్టుకెళ్లి అలాంటివే పది తెచ్చి ఉంచుకోండి.

ప్యాడు వెనక రేకుకి అతికించి ఉండే ప్లాస్టిక్ షీటే ఈ పని మొత్తానికీ కీలకం. కిటికీ అద్దం పక్కన రబ్బరు ఉన్నా వాన నీళ్లు డోరులోకి దిగుతూనే ఉంటాయి. అవి లోపలే జారి కింది రంధ్రాల్లోంచి పోయేలా డోరుని తయారు చేస్తారు. ఆ నీళ్లు ప్యాడువైపు రాకుండా ఆపేది ఈ షీటే. ఎవరో బ్లేడుతో కోసి వదిలేసి ఉంటే అక్కడే మీ స్పీకరు చెడిన కారణం దొరికినట్టు. కింది రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయేమో చూడండి. సన్నటి వెదురుపుల్లతో తీస్తే పెయింటు గీసుకోదు. తర్వాత అద్దం బయటివైపు ఒక చెంబుడు నీళ్లు పోస్తే ధారగా కిందికి వచ్చేయాలి. పాత స్పీకరు మీద గొడుగులాంటి ప్లాస్టిక్ కప్పు ఉంటే కొత్తదానికీ అలాంటిది పైసగం కప్పేలా పెట్టండి. కింది సగం మూయొద్దు, నీళ్లు నిలుస్తాయి.

కంపెనీ స్పీకర్లు రివెట్లతో ఉంటే డ్రిల్లుతో రివెట్టు తల మాత్రమే తీసి, మిగిలింది లోపలికి తోయాలి. కింద తడిగుడ్డ పరచండి. ఇనప రజను డోరులో మిగిలితే ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది, స్పీకరు అయస్కాంతానికి అంటుకుంటే కాయిల్ గీసుకుపోతుంది. అందుకే కొత్త స్పీకర్లు ఆ పని అయ్యేదాకా డబ్బాలోనే ఉండాలి. రేకు బయటపడ్డ చోటల్లా రెడ్ ఆక్సైడ్ రాసి ఆరనివ్వండి.

స్పీకరుకీ రేకుకీ మధ్య రింగు ఎండీఎఫ్‌తో (చెక్కపొడి అదిమి చేసిన పలక) చేస్తే మన తేమకి ఉబ్బి పొరలు విడిపోతుంది. ప్లాస్టిక్‌ది గానీ, పెయింటు వేసిన మెరైన్ ప్లైవుడ్‌ది గానీ వాడండి. రింగుకి రెండువైపులా ఫోమ్ టేపు తప్పనిసరి. కోన్ ముందువైపు సౌండు, వెనకవైపు సౌండు ఒకదానికొకటి ఎదురు. సందులోంచి రెండూ కలిస్తే బేస్ చచ్చిపోతుంది. బొబ్బిలిలో ఏకాండి వీణని ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, కుండకీ (నాదం పలికే గుండ్రటి భాగం) దండికీ మధ్య అతుకే ఉండదు. డోరు కూడా స్పీకరుకి కుండలాంటిదే, సందు లేకుండా బిగిస్తేనే నాదం నిలుస్తుంది.

తీగల దగ్గర కంపెనీ కప్లరు కోయకండి, దానికి సరిపోయే అడాప్టరు దొరుకుతుంది. స్పీకరు మీద వెడల్పాటి టెర్మినల్ ప్లస్, సన్నది మైనస్. అతుకు తప్పకపోతే సోల్డరు చేసి హీట్ ష్రింక్ స్లీవు (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగండి. ఇన్సులేషన్ టేపు మే నెల ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. మైనస్ తీగని డోరు రేకుకి ఎప్పుడూ తగిలించకూడదు. ఈ సెట్లలో రెండు తీగల్లోనూ సిగ్నలే ఉంటుంది, ఒకటి బాడీకి తగిలితే లోపలి ఐసీ (సౌండు పెంచే చిప్పు) పోవచ్చు. ఒకే ఛానల్‌కి రెండు స్పీకర్లు పక్కపక్కన కలపడమూ వద్దు.

డిక్కీ పైపలకలో ఓవల్ స్పీకర్లు ఉన్న సెడాన్లలో శత్రువు వాన కాదు, వెనక అద్దంలోంచి పడే ఎండ. ఫోమ్ అంచు పొడిపొడిగా రాలుతుంది. అక్కడ పక్క స్తంభం ట్రిమ్ మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అని రాసి ఉంటే, బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే ముట్టుకోవాలి.

ప్యాడు మూయకముందే మోగించి చూడండి. రెండూ కలిసి మోగుతుంటే బేస్ పలచగా అనిపిస్తే ఒక పక్క తీగలు తారుమారయ్యాయి. తప్పెటగుళ్ల రికార్డింగు ఒకటి పెడితే దెబ్బ టక్కున తెగుతోందా, రేకు కూడా కలిసి మోగుతోందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. సెట్టులో హై పాస్ ఫిల్టరు (లోతైన బేస్‌ని ఆపేది) ఉంటే 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లేకపోతే 50 వోల్టుల 330 మైక్రోఫారడ్ నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటరు ప్లస్ తీగ మధ్యలో పెడితే 4 ఓమ్‌ల స్పీకరుకి 120 హెర్ట్జ్ కింద బేస్ మెల్లగా తగ్గుతూ పోతుంది. చిన్న స్పీకరు ఆయుష్షుకి ఇంత చవకైన మందు ఇంకొకటి లేదు.

ఇక షీటుని బ్యుటైల్ (జిగురు రబ్బరు) టేపుతో చుట్టూ అతికించి, అద్దం మీద పైపుతో ఐదు నిమిషాలు నీళ్లు పట్టండి. షీటుకి కారు లోపలివైపు చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉండాలి. లాకు, లివరు, అద్దం స్విచ్చి పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాక క్లిప్పులు నొక్కండి.