టవలు కింద బేరం, 18 ఓటీలు: నా ఎంటెక్ ప్రాజెక్టు అనుభవం

మా నాయన ఎద్దులు కొనడానికి సంతకు పోతుంటే చిన్నప్పుడు నేనూ వెంట పోయేవాణ్ణి. అనంతపురం చుట్టుపక్కల సంతల్లో నేను చూసిన ఎద్దుల బేరాలు నోటితో జరిగేవి కావు. దళారి భుజం మీది టవలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద వేళ్లు పట్టి రేటు చెప్తాడు. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా ఆ అంకె ఇద్దరికే తెలుస్తుంది. ఎంటెక్ ప్రాజెక్టుకు క్రిప్టోగ్రఫీ తీసుకున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ టవలే.

మా గైడ్ మేడంకు అది చెప్తే ఆమె ఒకే ప్రశ్న అడిగారు. "టవలు పక్కవాళ్లకు కనపడకుండా చేస్తుంది, బాగుంది. నువ్వు ఎవరి వేళ్లు పట్టుకున్నావో ఆయనకే తెలియకూడదంటే ఎట్లప్పా?"

నా ప్రాజెక్టు మొత్తం ఆ ప్రశ్నలోంచే వచ్చింది. కొనేవాడి మనసులో ఒక గరిష్ఠ రేటు ఉంటుంది, అమ్మేవాడి మనసులో ఒక కనిష్ఠ రేటు. ఎవరు ముందు బయటపెడితే వాళ్లకే నష్టం. ఇద్దరికీ తెలియాల్సింది ఒక్కటే, బేరం కుదురుతుందా లేదా అని. ఇద్దరు కోటీశ్వరుల్లో ఎవరు ఎక్కువ ధనవంతులో, ఆస్తి చెప్పకుండా తేల్చడం ఎలా అని కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రూ యావో 1982లో అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే. దానికి ఒక దారి గార్బుల్డ్ సర్క్యూట్. అమ్మేవాడు రేట్లను పోల్చే సర్క్యూట్‌ను తాళాలు వేసి పంపుతాడు. కొనేవాణ్ణి నేనే అనుకోండి. నా రేటును 0, 1లతో రాస్తే వచ్చే ఒక్కో అంకెకు, అంటే బిట్‌కు, ఆయన దగ్గర రెండు తాళంచెవులుంటాయి, 0కి ఒకటి, 1కి ఒకటి. నాకు కావలసింది నేను తీసుకోవాలి. ఏది తీసుకున్నానో ఆయనకు తెలియకూడదు, ఎందుకంటే తెలిస్తే నా రేటు తెలిసినట్టే. రెండూ నా చేతికి రాకూడదు, ఎందుకంటే వస్తే రకరకాల రేట్లు పెట్టి చూసి ఆయన కనిష్ఠం కనిపెట్టేస్తాను. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్, మా ల్యాబ్‌లో అందరం ఓటీ అంటాం. రెండు లక్షల రూపాయల దాకా రేటుకు 18 బిట్లు సరిపోతాయి కాబట్టి నాకు 18 ఓటీలు కావాలి.

మొదటి వారం అయోమయంలోనే పోయింది. మైఖేల్ రాబిన్ 1981లో చెప్పిన ఓటీ వేరుగా ఉంటుంది. అందులో సందేశం సగం అవకాశంతో చేరుతుంది, చేరిందో లేదో పంపినవాడికి తెలియదు. నాకు కావలసిన 'రెండింట్లో ఒకటి' రకం తర్వాత ఈవెన్, గోల్డ్‌రైక్, లెంపెల్ చెప్పింది. ఈ రెండూ నిజానికి సమానమే, ఒకటి ఉంటే రెండోది కట్టుకోవచ్చు అని క్లాడ్ క్రెపో 1987లో నిరూపించాడని తెలిశాక గానీ మనసు కుదుటపడలేదు.

చివరికి చౌ, ఓర్లాండీ 2015లో రాసిన ప్రోటోకాల్ తీసుకున్నాను. నోట్‌బుక్‌లో చిన్న అంకెలతో చేసి చూసిన రోజే నాకు ఓటీ నిజంగా అర్థమైంది. ఆ లెక్క ఇక్కడ పెడతాను, పెన్ను పట్టుకుని మీరూ చేయండి.

అంతా 23తో భాగించి శేషం తీసుకునే లెక్క. ఆధారం 2. అమ్మేవాడు రహస్యంగా 5 అనుకుని, 2ను 5సార్లు హెచ్చించి (2×2×2×2×2 = 32), శేషం 9 పంపాడు. నేను రహస్యంగా 3 అనుకున్నాను. 2ను 3సార్లు హెచ్చిస్తే 8. 0 కావాలంటే 8నే పంపాలి. 1 కావాలంటే దాన్ని ఆయన 9తో హెచ్చించి పంపాలి. నాకు 1 కావాలి, 72కు శేషం 3, అదే పంపాను. ఇప్పుడు ఆయన రెండు కీలు తయారుచేస్తాడు. నేను పంపిన 3ను తన 5సార్లు హెచ్చిస్తే 13, అది మొదటి కీ. 3ను 9తో భాగించి (ఈ లెక్కలో అది 8, ఎందుకంటే 8ని 9తో హెచ్చిస్తే శేషం 3) 5సార్లు హెచ్చిస్తే 16, అది రెండో కీ. నేను ఆయన 9ని నా 3సార్లు హెచ్చిస్తే 16. సరిగ్గా రెండో కీ! 0 తాళంచెవిని మొదటి కీతో, 1 తాళంచెవిని రెండో కీతో మూసి ఆయన రెండూ పంపుతాడు, నేను తెరవగలిగేది నాకు కావలసిన ఒక్కటే.

మరి ఆయనకు కనిపించింది 3 ఒక్కటే. 2ను 8సార్లు హెచ్చించినా శేషం 3 వస్తుంది. అంటే నా రహస్యం 8 అయి, నేను 0 కోరుకున్నా అదే అంకె వచ్చేది. ఆయన ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టుకున్నా ఆ 3లోంచి నా కోరిక తీయలేడు. ఇది అర్థమైన రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

కోడ్ మాత్రం అంత తేలిగ్గా రాలేదు. 23 బదులు 2048 బిట్ల ప్రధాన సంఖ్య పెట్టాను. టెస్టింగ్ త్వరగా కావాలని నా రహస్య సంఖ్యను 16 బిట్లకే పరిమితం చేసి, ఆ లైను మార్చకుండా డెమోకు తీసుకెళ్లాను. మేడం అమ్మేవాడి కంప్యూటర్ దగ్గర కూర్చుని ఏదో చిన్న స్క్రిప్ట్ రాశారు. కాసేపటికి తలెత్తి, "ఏమప్పా, లక్షా నలభై రెండు వేలా నీ రేటు?" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. అదే నా రేటు. 16 బిట్లంటే మొత్తం 65,536 సంఖ్యలే. అన్నింటికీ పట్టిక వేసి, నేను పంపింది అందులో ఉంటే 0, లేకపోతే 1 అని 18 బిట్లూ చదివేశారు.

అది సరిచేశాక నా రూమ్మేట్ ఇంకో దారి పట్టాడు. అమ్మేవాడి పాత్ర తనే తీసుకుని తప్పుడు అంకె పంపాడు. నోట్‌బుక్ లెక్కలో చెప్పాలంటే 9కి బదులు 5 పంపినట్టు. 23తో చేసే ఈ లెక్కలో 2ను ఎన్నిసార్లు హెచ్చించినా 5 రాదు. అప్పుడు నేను 1 కోరితే నా జవాబు కూడా 2 ఘాతాల జాబితాలో ఉండదు, 0 కోరితే ఉంటుంది. మళ్లీ దొరికిపోయాను. వచ్చిన అంకెను 11సార్లు హెచ్చించి శేషం 1 వస్తుందో లేదో చూస్తే ఈ మోసం పట్టుబడుతుంది. కోడ్‌లో అది ఒక్క లైను. ఆ లైను లేకపోతే మొత్తం ప్రాజెక్టు దండగ.

వైవాలో టెన్షన్ బాగానే పడ్డాను. లక్షల ఓటీలు కావాలంటే ఏం చేస్తావని అడిగారు. 2003 నాటి ఓటీ ఎక్స్‌టెన్షన్ పద్ధతిలో 128 లాంటి కొద్దిపాటి అసలు ఓటీలు చేసి, మిగిలినవి హాష్‌లు అనే తేలికపాటి లెక్కలతో చవకగా సాగదీయొచ్చని చెప్పాను. క్వాంటమ్ కంప్యూటర్ వస్తే? అప్పుడు కొనేవాడు, అమ్మేవాడు పంపిన అంకెలోంచి ఆయన రహస్య సంఖ్యను లాగి రెండు తాళంచెవులూ తీసేసుకోగలడు, అమ్మేవాడి రేటు బయటపడుతుంది. కొనేవాడి కోరిక మాత్రం అప్పుడూ బయటపడదు. నోట్‌బుక్‌లోని ఆ 3 ఉదాహరణ బోర్డు మీద వేసి చూపించాను. ఎక్స్‌టర్నల్ సార్ కుర్చీ ముందుకు జరుపుకుని చివరిదాకా విన్నారు.

ఊరికి పోయి ఇదంతా నాయనకు చెప్పాను. వేరుశనగ కాయలు ఒలుస్తూ ఓపిగ్గా విని, "అమ్మేటోడు తన మనసులో రేటు గాక వేరే రేటు పెడితే మీ మిషన్ పట్టుకుంటదా?" అని అడిగాడు. పట్టుకోదు. ఇచ్చిన అంకెను దాచడమే దాని పని, ఆ అంకె నిజమో కాదో చూడ్డం కాదు. థీసిస్ బైండింగ్‌కు ఇచ్చే ముందు, పరిమితుల అధ్యాయంలో మొదటి పేరాగా ఆ ప్రశ్నను నాయన మాటల్లోనే పెట్టాను.