మా మిర్చి సైటు గూగుల్‌లో పైకి రావడానికి ఏం చేశామంటే – నా అనుభవం

మాది గుంటూరు జిల్లా, ఏటా తేజ మిర్చి వేస్తాం, పంట నాన్నది, రాతలు నావి. మిర్చి సాగు మీద తెలుగులో ఒక సైటు నడుపుతున్నా. రాసేవన్నీ పొలంలో చూసి రాసినవే, అయినా సెర్చ్‌లో మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో కనపడేవి. మా పైన ఉన్నవాటిలో చాలా వరకు ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాసినవే, మిరప మొక్క ముట్టుకోని వాళ్ళు రాశారని రెండు లైన్లు చదివితే తెలిసిపోయేది, వాటిని నమ్మి రైతులు మందులు కొడతారు కదా అని బాధేసేది.

సరే అని గూగుల్ వాళ్ళ క్వాలిటీ రేటర్ గైడ్‌లైన్స్ (సెర్చ్ ఫలితాలు చూసి మార్కులు వేసే రేటర్లకి గూగుల్ ఇచ్చే సూచనలు) డౌన్‌లోడ్ చేసుకుని చదివా, పెద్ద పీడీఎఫ్, ఎవరైనా చూడొచ్చు. మొదట్లో అందులో ఈ-ఏ-టీ అని ఉండేది, 2022 డిసెంబర్‌లో ఇంకో ఈ కలిపారు, ఎక్స్‌పీరియన్స్ అని, అంటే రాసినవాళ్ళు ఆ పని స్వయంగా చేశారా అని. మిగతావి ఎక్స్‌పర్టైజ్ (నైపుణ్యం), అథారిటీ (ఆ విషయంలో ఉన్న పేరు), ట్రస్ట్ (నమ్మకం), వీటన్నిట్లో ట్రస్టే ముఖ్యం అని వాళ్ళే రాశారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, ఈ నాలుగూ పేజీ స్థానాన్ని నేరుగా నిర్ణయించే ర్యాంకింగ్ ఫ్యాక్టర్లు కావు, వీటికని ఒక స్కోరు ఉండదు, రేటర్లు ఇచ్చే మార్కుల వల్ల మన పేజీ పైకీ పోదు కిందకీ రాదు, వాళ్ళ సిస్టమ్స్ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోడానికే అవి. కాబట్టి ఆథర్ బాక్స్ (రాసినవాళ్ళ పేరు, వివరాలు చూపే డబ్బా) పెట్టిస్తే చాలు ర్యాంక్ వచ్చేస్తుంది అని డబ్బులు అడిగేవాళ్ళని నమ్మకండి.

గూగుల్ అడగమనే ప్రశ్నలు మూడు: ఇది ఎవరు రాశారు, ఎలా రాశారు, ఎందుకు రాశారు. అవి పట్టుకుని ముందు ముడత పేజీతో మొదలుపెట్టా, ఎందుకంటే సీజన్‌లో అందరూ వెతికేది అదే. ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, దోనె బోర్లించినట్టు కిందకి తిరిగితే నల్లి, మా వైపు పై ముడత కింది ముడత అంటాం, రెండిటికీ మందులు వేరు. జెమినీ వైరస్ అయితే తెల్లదోమ మోసుకొస్తుంది, అంటుకున్న మొక్కకి ఇక మందు లేదు, పీకి పారేయాల్సిందే. ఈ మూడిటికీ మా చేలోనే ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టా, కింద ఏ నెలలో తీశామో, నాటి ఎన్ని రోజులైన మొక్కో రాశా.

2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి ఎంత నాశనం అయిందో చూసినవాళ్ళకి తెలుసు. ఆ పురుగు గురించి రాస్తూ ఆకుల ఫోటోలు తీస్తుంటే నాన్న వచ్చి "ఆకు చూస్తే ఏం తెలుసుద్దిరా, పువ్వు కోసి అరచేతిలో దులిపి చూడు" అన్నారు. దులిపితే సన్నటి నల్ల పురుగులు బిలబిలా పాకుతున్నాయి! అదే వీడియో తీసి పేజీలో పైనే పెట్టా, నాన్న చెయ్యే అది. ఎక్స్‌పీరియన్స్ అంటే ఇదే అని నా ఉద్దేశం, ముప్పై ఏళ్ళ అనుభవం అని రాసుకుంటే ఎవరు నమ్మాలి, పువ్వు దులపాలని తెలియడమే ఆ అనుభవం.

కానీ మందు డోసుల దగ్గర నాన్న అనుభవం సరిపోదు, ఈ మాట అంటే ఆయన కూడా ఒప్పుకున్నారు. మేం కొట్టాం తగ్గింది అన్నది ఇంకో చేనుకి ఆధారం కాదు. డబ్బు, ఆరోగ్యం మీద ప్రభావం పడే విషయాల్ని గైడ్‌లైన్స్‌లో వేరుగా చూస్తారు, మందు తప్పైతే రైతుకి రెండూ పోతాయి. అందుకని డోసులున్న ప్రతి పేజీని అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన ఒక ఫ్రెండ్‌తో చెక్ చేయించా, లాం ఫాం (గుంటూరు దగ్గర వ్యవసాయ పరిశోధనా కేంద్రం) వాళ్ళ సిఫార్సు ఏంటి, ఆ మందు లేబుల్ మీద మిరప ఉందా లేదా అని, ఉంటేనే ఉంచాం. రాసింది నేను, పొలం నాన్నది, చెక్ చేసింది ఫలానా అని ముగ్గురి పేర్లూ పేజీ పైనే ఉన్నాయి, పేరు నొక్కితే ఎవరేంటో తెలిసే పేజీ వస్తుంది. ఫోన్ నంబర్ కూడా ఇచ్చాం, ఫోన్లు వస్తాయి, నాన్నే మాట్లాడతారు.

తేదీల సంగతి కూడా చెప్పాలి. లోపల ఏమీ మార్చకుండా పైన అప్‌డేటెడ్ అని ఇవాళ్టి తేదీ వేయడం చాలామంది చేస్తారు, గూగుల్ వద్దని చెప్పేవాటిలో అదొకటి. మేం ఏం మార్చామో ఒక లైన్ రాసి అప్పుడే తేదీ మారుస్తున్నాం.

వెంటనే ఏమీ జరగలేదు. కొన్ని నెలల తర్వాత సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు సెర్చ్‌లో ఎలా కనపడుతుందో గూగుల్ చూపించే టూల్) ముడత పేజీ ఇంప్రెషన్స్, అంటే ఫలితాల్లో ఎన్నిసార్లు కనపడిందో ఆ లెక్క, పెరగడం మొదలైంది, తర్వాత ఒక కోర్ అప్‌డేట్ (గూగుల్ తన సెర్చ్‌లో చేసే పెద్ద మార్పు) అయ్యాక మొదటి పేజీలోకి వచ్చింది, నల్ల తామర పురుగు పేజీ కూడా దాని వెనకే వచ్చింది. ఇవన్నీ చేసినందుకే వచ్చిందని ఖచ్చితంగా చెప్పలేను కానీ జనం వెతికి వస్తున్న మాటలు చూస్తే "పువ్వులో నల్ల పురుగు" లాంటివి ఉన్నాయి, అవి మా పేజీలో ఉన్న మాటలే. ఎరువుల పేజీ మాత్రం ఉన్నచోటే ఉంది, దానిపైన అగ్రికల్చర్ యూనివర్సిటీ వాళ్ళ పేజీ ఉంది, భూసార పరీక్షలు వాళ్ళు చేస్తారు కాబట్టి అది పైన ఉండటమే కరెక్ట్, మా పేజీలో దానికి లింక్ ఇచ్చేశాను.