ఖాళీయే అన్నా సరే, మళ్లీ చూడాలి

ఇవాళ ఒక పంప్ యాక్షన్ షాట్‌గన్ (బ్యారెల్ కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే తుపాకీ) చేతికిస్తూ ఒకాయన "ఖాళీయే, ఇప్పుడే చూశాను" అన్నారు. తీసుకుని నేనూ చూశాను. ఆయన ఏమీ అనుకోలేదు. అనుభవం ఉన్నవాళ్లు అనుకోరు కూడా.

బ్యారెల్ మనుషులు లేని వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా. సేఫ్టీ (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీట) వేసే ఉంది, కానీ దాని మీద భరోసా పెట్టుకోకూడదు, అదీ ఒక యంత్ర భాగమే కదా.

చాలామంది పొరబడేది మ్యాగజైన్ దగ్గరే, అంటే తూటాలు నిల్వ ఉండే గొట్టం దగ్గరే. పంప్ (ఆ పిడి) వెనక్కి లాగితే ఛాంబర్‌లోని, అంటే పేలడానికి తూటా కూర్చునే చోటులోని, తూటా బయటపడుతుంది, ఇక అయిపోయిందనుకుంటారు. బ్యారెల్ కింది గొట్టంలో ఇంకా తూటాలుంటే? పంప్ ముందుకు తోయగానే ఇంకొకటి ఛాంబర్‌లోకి ఎక్కేస్తుంది! అందుకే ముందు ఆ గొట్టం ఖాళీ చేసి, తర్వాత పంప్ వెనక్కి లాగి యాక్షన్ తెరిచి ఛాంబర్ చూడాలి. నేను కళ్లతో చూసి ఊరుకోను. చిటికెన వేలు పెట్టి తడుముతాను. ఛాంబర్‌లో చల్లటి ఇనుప అంచు, మ్యాగజైన్ నోటి దగ్గర స్ప్రింగ్ తోసే బిళ్ల తగలాలి. వెలుతురు తక్కువైతే కంటికన్నా వేలే నయం.

మధ్యలో మడిచే డబుల్ బ్యారెల్‌తో ఇంత టెన్షన్ లేదు, తెరిస్తే రెండు ఛాంబర్లూ కనిపిస్తాయి. అయినా బ్యారెల్‌లోంచి అటువైపు వెలుతురు కనబడాలి. ఎందుకంటే గేజ్ అంటే బ్యారెల్ వెడల్పు కొలత, అంకె పెరిగేకొద్దీ తూటా సన్నం. 12 గేజ్ తుపాకీలో పొరపాటున 20 గేజ్ తూటా వేస్తే అది జారి లోపల ఇరుక్కుంటుంది. ఛాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక 12 గేజ్ తూటా పెట్టి పేలిస్తే బ్యారెలే పగిలిపోవచ్చు. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే.