సాకుల గడి

పడుకుందామంటే ఆ మాట పడుకోనివ్వట్లేదు. పొద్దున్న చిన్నోడు నా మార్కుల పుస్తకం తిరగేసి, "పిన్నీ, ఈ మార్కులు సినిమాకా, నీ అభిమానానికా?" అన్నాడు. ఎకసెక్కానికి అనలేదు, తెలుసుకుందామనే అడిగాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పన్నెండు దాటింది, ఇంకా తోచట్లేదు.

ఆ పుస్తకం జేమ్స్ బాండ్ సినిమాలకి నేను మార్కులు వేసుకునేది. 1962 ‘డాక్టర్ నో’ నుంచి 2021 ‘నో టైమ్ టు డై’ దాకా 25 సినిమాలు, ఒక్కోదానికి నూటికి ఇన్నని. కథకి 25, యాక్షన్‌కి 25, విలన్‌కి 20, సంగీతానికి 15, మిగతా అంతటికీ కలిపి 15. 1983 ‘నెవర్ సే నెవర్ అగైన్’ ఇందులో లేదు, అది వేరే నిర్మాతలు తీసింది.

పద్ధతి గట్టిదే అనుకున్నాను. విడుదలైన వరసలో చూడకూడదు, చీటీలు తీసి చూడాలి. 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ అయిన వెంటనే 1971 ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ పెడితే, పెళ్ళినాడే భార్యని పోగొట్టుకున్న మనిషి ఇంత తేలిగ్గా ఎలా ఉన్నాడని మనసు విరిగి, దానికి న్యాయంగా రావలసినవి కూడా రావు. ‘కసినో రాయల్’ వెనకే ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ చూస్తే దీనికి తిరగబడుతుంది. మొదటిది ఆగిన కాసేపటికే రెండోది మొదలవుతుంది కాబట్టి ముందుదాని బరువంతా దీనికి కలిసొస్తుంది. అందుకని సినిమాకీ సినిమాకీ మధ్య నాలుగు రోజులైనా ఎడం. టైటిల్ పాటకి మార్కులు లేవు. వందసార్లు విన్న పాట బొమ్మ పడకముందే మార్కులు వేయించేసుకుంటుంది. సీను వెనక వినిపించే సంగీతానికే వేయాలి. సినిమా అయిన అరగంటలోపు, పాత అంకె చూడకుండా.

ఇంత కట్టుదిట్టం చేసినా ఎక్కడ కారుతోందో ఇవాళ కనబడింది. ఆ 1969 సినిమాలోనే. అందులో విలన్ బ్లోఫెల్డ్ బాండ్‌ని పోల్చుకోడు. అంతకు ముందు సినిమా, 1967 ‘యు ఓన్లీ లివ్ ట్వైస్’లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నవాళ్ళే. ఇక్కడ బాండ్ కళ్ళజోడు పెట్టుకుని, కిల్ట్ కట్టుకుని, వంశవృక్షాలు చూసే పెద్దమనిషినని వస్తే నమ్మేస్తాడు. నటులు మారారంటారా, పాత్రలు మారలేదుగా. కథకి నేను వేసింది 25కి 23. ఎందుకు కొయ్యలేదంటే, ఈ సినిమాలకి మూలమైన నవలల్లో ఇది ముందు, అది తర్వాత. సినిమాలకొచ్చేసరికి వరస తిరగేశారు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి తప్పు తప్పులా కనబడలేదు. టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి నవలల వరసతో ఏం పని?

ఇది పట్టుకున్నాక ఇక వరసగా అన్నీ సాకులే. ‘క్వాంటమ్’లో కథ పలచగా ఉందంటే చాలు, అప్పుడు హాలీవుడ్‌లో రచయితల సమ్మె కదా అంటారు. నిజమే, సమ్మె జరిగింది. కానీ 106 నిమిషాల్లో తెర మీద సమ్మె ఎక్కడా కనబడదు, పలచదనమే కనబడుతుంది. ‘ఆక్టోపస్సీ’ వస్తే మనవాళ్ళు మన ఉదయపూర్, మన టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ అని మురిసిపోయి మార్కులు పెంచుతారు. పాములవాడు, మేకుల పడక, నిప్పుల నడక, కత్తి మింగేవాడు అందరూ ఒక్క ఊళ్ళోనే పోగయ్యారు. పైగా జూదంలో గెలిచిన డబ్బు మనవాడి చేతిలో పెట్టి, కొన్ని వారాలు కూరకి ఢోకా లేదన్న మాట బాండ్ నోటి నుంచి వస్తుంది. వాటికి ఒక్క మార్కూ తగ్గదు.

అన్నిటికంటే నాకు మండేది ‘గోల్డ్‌ఫింగర్’ దగ్గర. ఎవరి జాబితా చూసినా పై మూడింట్లో ఉంటుంది. రెండో సగంలో చాలాసేపు బాండ్ బందీ. చివర బాంబు పెట్టె తెరిచి వైర్లు కెలుకుతాడు తప్ప ఆపలేడు. నిపుణుడొకడు వచ్చి మీట నొక్కి ఆపుతాడు. కౌంటర్ 007 దగ్గర ఆగుతుంది, బాండ్ మాత్రం ఇంకో మూడు టిక్కులైతే అయిపోయేది అంటాడు. కనబడే అంకె ఏడు, వినబడే అంకె మూడు. దీన్ని కథ మార్కుల్లో ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా? లేదు. ఇక గడ్డిపాకలో వద్దు వద్దంటున్న మనిషి మీద బాండ్ చేసే బలవంతం. ఆ కాలం అలాంటిది అని తేల్చేస్తారు. ఆ కాలంలో హాల్లో కూర్చుని చూసిన ఆడవాళ్ళకి ఎలా అనిపించిందో అడిగి ఆ మాట అంటున్నారా? 1964లో తీసిన సంగీతం ఈనాటికీ గొప్పదంటారు, 1964లో చేసిన తప్పు మాత్రం ఆనాటితోనే సరి అంటారు. ఒకటే తక్కెడ ఉండాలి కదా.

అందుకని సాయంత్రం పుస్తకంలో కొత్త గడి గీశాను, సాకులకి. నవలల వరస, సమ్మె, కాలం, మన ఊరు, మొదట చూసిన బాండ్ మీద మమకారం, అన్నీ అందులో రాయాలి, మొత్తంలో కలపకూడదు. మొదట చూసిన బాండ్ అంటే గుర్తొచ్చింది, మన పెద్దవాళ్ళలో చాలామందికి బాండ్ అంటే 1966 ‘గూఢచారి 116’ కృష్ణగారే. ఆయన తర్వాత అసలు సినిమాల్లోని తొలి బాండ్ షాన్ కానరీని చూసినవాళ్ళ కొలతలు ఇంకోలా ఉంటాయి.

గడి గీశాక మనసు కుదుటపడాలి. పడలేదు. ఆ కారు అడ్డొచ్చింది.

1974 ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’. థాయిలాండ్‌లో కాలవ మీద వంతెన కూలిపోయి ఉంటుంది. రెండు వైపులా మెలితిరిగిన చెక్క ర్యాంపులు. ఎర్ర కారు దూసుకొచ్చి, గాల్లో పొడుగునా పూర్తిగా ఒక చుట్టు తిరిగి, అవతలి ర్యాంపు మీద నాలుగు చక్రాలతో వాలుతుంది. ట్రిక్కు కాదు, నిజం కారు. ర్యాంపు ఒంపు, బరువు, వేగం ముందే కంప్యూటర్‌లో లెక్క కట్టారు. వేగం గంటకి 64 కిలోమీటర్లకి అటూఇటూ. అంతకు మించితే చుట్టు పూర్తయ్యే చోటు దాటిపోతుంది, తగ్గితే కాలవలో పడుతుంది. బరువు రెండు పక్కలా సమంగా ఉండాలని స్టీరింగ్‌ని కారు మధ్యకి మార్చి, డ్రైవర్‌ని మధ్యలో కూర్చోబెట్టారు. ఒక్క టేకులో అయింది. సరిగ్గా ఆ తిరిగే క్షణంలో సర్కస్‌లో బఫూన్ జారిపడినప్పుడు వేసే విజిల్ వేశారు. సంగీతం జాన్ బ్యారీ. అంత పనీ ఆ విజిల్ కింద నలిగిపోయింది.

యాక్షన్‌కి 24 వేసి, సంగీతంలో ఆరు కోసినట్టుంది నా పుస్తకంలో. కొత్తగా చూసేవాడు విజిల్‌కి నవ్వేసి ముందుకెళ్ళిపోతాడు, ఒక మార్కు కూడా కొయ్యడు. ఒక్క టేకని, లెక్క కట్టి చేశారని తెలిసినదాన్ని కాబట్టే నేను ఆరు కోశాను. అంటే తెలియడం వల్ల మార్కులు పెరగడమే కాదు, తరగడమూ ఉంది. మరి దీన్ని సాకుల గడిలో రాయనా?

‘కసినో రాయల్’ అయితే మరీ. మామూలుగా మొదట్లోనే వచ్చే బాండ్ థీమ్ సంగీతాన్ని సినిమా పొడుగునా పూర్తిగా వినిపించరు. చిట్టచివర, తుపాకీ పట్టుకుని నిలబడి పేరు చెప్పాక వినిపిస్తుంది. అంతకు ముందు ఇరవై సినిమాలు తెలిసినవాడికే ఒళ్ళు జలదరిస్తుంది. తెలియనివాడికి అది ఒక మనిషి పేరు చెప్పడం. ఆ జలదరింపు సినిమా తీసినవాళ్ళు కోరి పెట్టిందే. దాన్ని అభిమానం అని తీసేస్తే సినిమాలోంచే తీసేసినట్టు.

సాయంత్రం గీసిన గడి సగం తప్పు. బయటి తెలివి మీద ఆధారపడి సినిమా కట్టినచోట అది కలపాలి. సినిమా చేయని పనిని బయటి తెలివి చేసిపెడుతున్నచోట కలపకూడదు. బ్లోఫెల్డ్ సంగతి రెండో రకం, అందులో అనుమానం లేదు.

ఆదివారం చిన్నోడికి ఒక పుస్తకం ఇస్తాను. వాడు ఒక్క బాండ్ సినిమా కూడా చూడలేదు. ఇద్దరం చెరో మూల కూర్చుని 1969ది చూసి, ఒకరిది ఒకరు చూడకుండా వేయాలి. ఏ గడిలో అయిదు కంటే ఎక్కువ తేడా వస్తే అది మళ్ళీ చూస్తాం. అప్పటిదాకా ఆ 23ని పెన్సిల్‌తో కొట్టేసి 19 చేశాను.