అంటే మీరు తిన్నారంతేనా?

ఆ మాట అన్నవాడికి పదేళ్ళుంటాయి. వెటకారమేం లేదు. నేను చెప్పబోయే జవాబు రాసుకోడానికి నోటు పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని మరీ అడిగాడు. "చిన్ని వాళ్ళ నాన్నగారూ, అంటే మీరు తిన్నారంతేనా?"

మేముండేది టోక్యోలో, నిషికసాయిలో. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేటే కాబట్టి ఆవకాయకీ కందిపప్పుకీ లోటు లేదు. అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ బడిలో ఐదో తరగతి. జపాన్‌లో ఐదో తరగతి సాంఘికశాస్త్రంలో వరిసాగు పెద్ద పాఠం. చదివి అప్పజెప్పే రకం కాదు. ఒక బకెట్టు, మట్టి, గుప్పెడు విత్తనాలు ఇచ్చి పెంచమంటారు. ఇక్కడి వ్యవసాయ సహకార సంఘాలవాళ్ళు బళ్ళకోసం విత్తనాలూ చిన్న పుస్తకమూ కలిపి పొట్లాలు కట్టి ఇవ్వడం ముప్ఫై ఏళ్ళ పైనుంచే ఉంది.

మా చిన్ని ఊరుకోక "మా తాతయ్య వరే పండిస్తాడు" అని క్లాసులో చెప్పింది. వారం తిరక్కుండా టీచరమ్మ దగ్గర్నుంచి చీటీ. తల్లిదండ్రులు బడి చూడ్డానికొచ్చే రోజున నాన్నగారు ఓ పది నిమిషాలు ఇండియాలో వరి ఎలా పండిస్తారో పిల్లలకి చెప్పగలరా అని. నేను ఉబ్బిపోయాను. కోనసీమ వాణ్ణి, వరి గురించి నన్ను కాక ఎవర్నడుగుతారు? పన్నెండు స్లైడ్లు చేశాను. గోదావరి, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర, కొబ్బరి చెట్ల నీడలో పచ్చటి చేలు. చప్పట్లు బాగానే కొట్టారు. తర్వాత చేతులు లేచాయి.

కుదురుకి ఎన్ని మొక్కలు పెడతారు? కుదురుకీ కుదురుకీ మధ్య ఎంత ఎడం? నీళ్ళు మధ్యలో ఎప్పుడు తీసేస్తారు, ఎన్నాళ్ళు ఎండబెడతారు? మొదటి ప్రశ్నకి నవ్వాను. రెండోదానికి "ఊరిని బట్టి" అన్నాను. మూడోదానికి ఇక దారి లేక, నేను పొలం పని చెయ్యలేదనీ చదువుకున్నాననీ చెప్పాను. అప్పుడన్నాడు ఆ కుర్రాడు. చిన్ని తల వంచుకుని రబ్బరుతో ఏదో చెరుపుతోంది. ఆ కాయితం మీద చెరపడానికేం లేదు.

ఇంటికొచ్చే దారంతా నాకు నేను సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా ఇంట్లో పొలం అనేది బెదిరింపు. మార్కులు తగ్గినప్పుడల్లా "చదవకు, బురద తొక్కుదువుగాని" అనేవారు నాన్న. బడిలో మేష్టారిదీ అదే పాట, కాకపోతే ఆయన గేదెల్ని కూడా కలిపేవారు. ఊడ్పుల రోజున అమ్మ ఇచ్చిన క్యారేజీ పట్టుకెళ్తే, నేను బోదె దాటకముందే నాన్న అటునుంచి కేకేసేవారు: "అక్కడెట్టేసి ఇంటికెళ్ళు, ఎండ!" ఆయన చొక్కా విప్పి మడిలో నిలబడి ఉండేవారు, ఎండ నాకు మాత్రమే ఉన్నట్టు. తనకొచ్చిన విద్య కొడుక్కి ఎక్కడ అంటుకుంటుందో అని ఆయన పడ్డ జాగ్రత్త, ఇంట్లో ఆటలమ్మ పోసినప్పుడు కూడా పడలేదు.

నాకు తెలిసిన వ్యవసాయమల్లా వసారాలో పేర్చిన ధాన్యం బస్తాల మీద ఎక్కి దూకడం. స్వర్ణ అనే పేరు మాత్రం రోజూ వినేవాణ్ణి. అది మా గోదావరి గడ్డ మీదే, మార్టేరులో పుట్టిన వంగడమని ఉద్యోగంలో చేరాక ఎక్కడో చదివి తెలుసుకున్నాను. ఏం గొప్ప!

నాతో ఐదో తరగతిలో ఒకడుండేవాడు. పేరు రాయను. ఊడ్పులొస్తే వారం, కోతలొస్తే పది రోజులు బడిలో కనబడేవాడు కాదు. వాళ్ళమ్మ మా చేలోనే ఊడ్చేది, వీడు ఆకు కట్టలు అందించేవాడు. తిరిగొచ్చిన రోజున మేష్టారు చెయ్యి చాపించి బెత్తంతో కొట్టేవారు. ఆ చేతివేళ్ళ సందుల్లో ఒరిసిపోయిన తెల్లటి చర్మం నాకిప్పటికీ కళ్ళకి కడుతుంది. టోక్యో కుర్రాడి మూడు ప్రశ్నలకీ వాడైతే నిద్రలో లేపినా చెప్పేవాడు. ఏడో తరగతిలో చదువు మానేశాడు. అదే పని ఇక్కడ తెల్ల బూట్లేసుకుని బడి ఆవరణలో చేస్తే, టీచరమ్మ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, చుట్టూ రేకులు వేసి పువ్వు చేసి ఇస్తుంది. బాగా చేశావని. మా చిన్ని పుస్తకం నిండా ఆ పువ్వులే.

ఆ రాత్రి నాకు ఉక్రోషం వచ్చింది. "బకెట్లో వరేమిటి, నాటకం కాకపోతే! మనవైపు ఆ బకెట్టుతో గేదెకి కుడితి పెడతారు" అన్నాను మా ఆవిడతో. ఊరుకున్నానా? ఈ దేశం తినే తిండిలో కేలరీల లెక్కన సొంతంగా పండించుకునేది 38 శాతమే అన్నాను. పిల్లలకి తిండి గురించి నేర్పడానికి 2005లో ఏకంగా చట్టం చేసుకోవాల్సి వచ్చిందన్నాను. రైతుల సగటు వయసు 69కి దగ్గరపడింది, చేసేవాళ్ళు లేరు కాబట్టే పాఠాలు పెట్టుకున్నారు, మనకా ఖర్మ లేదన్నాను. ఆవిడ ఇస్త్రీ ఆపకుండానే అడిగింది, "మామయ్యగారికి ఎన్నేళ్ళండీ?"

డెబ్బై ఒకటి.

"ఆయన తర్వాత?"

నేను ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాను.

2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టింది కూడా చేతికి రావడం లేదని చేలు చేలుగా వదిలేశారు. మా మూడెకరాలూ ఆ ఏడు బీడే. నేనప్పటికే ఇక్కడున్నాను. ఆదివారం ఫోను చేస్తే నాన్న వానల గురించి చెప్పారు, కొబ్బరి దింపు గురించి చెప్పారు, ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. టీవీ వార్తల్లో చూసి నేనే అడిగితే "నీకెందుకురా అయ్యన్నీ" అన్నారు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఇంట్లో మాత్రం చిన్ని నన్ను వదల్లేదు. ఇక్కడి బళ్ళలో మధ్యాహ్నం పిల్లలే తెల్ల టోపీలు పెట్టుకుని వడ్డించుకుంటారు. కూరలో వేసిన ఆకు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెబుతారు. కొమాత్సునా అనే ఆకుకూరకి ఆ పేరొచ్చింది మా ఎదొగావా వార్డులోని ఊరి మీదుగానేనట, అదీ దానికి తెలుసు. నా కంచంలో నాలుగు మెతుకులు మిగిలితే చాలు, వేలు చూపిస్తుంది. ఒక్కో బియ్యపు గింజలో ఏడుగురు దేవుళ్ళుంటారని ఇక్కడివాళ్ళ మాట. "మనకి ఏడుగురేమిటే, అన్నమే పరబ్రహ్మం" అన్నాను గర్వంగా. "మరెందుకు వదిలేశావు?" అంది. బియ్యానికి వీళ్ళు రాసే అక్షరాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది వస్తాయి. ఎనభై ఎనిమిది పనులు చేస్తేగాని గింజ రాదని పిల్లలకి చెబుతారు. దమ్ము, ఆకుమడి, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు. వేళ్ళ మీద ఏడు దాకా వచ్చి ఆగిపోయాను.

ఆ ఏడు, అంటే 2025లో, బియ్యం సంగతి బడిలోనే కాదు, ఊరంతా ఉండేది. వసంతంలో 5 కిలోల సంచి 4 వేల యెన్‌లు దాటిపోయింది, అంతకు ముందటేడుకి ఇంచుమించు రెట్టింపు. ప్రభుత్వం నిల్వల్లోంచి పాత బియ్యం తీసి అమ్మింది. అదే సమయంలో వ్యవసాయ మంత్రి ఏతో తాకు, తానెప్పుడూ బియ్యం కొననే లేదనీ, మద్దతుదారులే బోలెడు ఇస్తారనీ నోరు జారి, ఆ మాట మీద మే నెలలో పదవి వదులుకున్నాడు. నాకు నవ్వాగలేదు. "మేం బియ్యం కొని ఎరగం" అనేది మా ఊళ్ళో పెళ్ళిచూపుల్లో చెప్పే మాట! సంబంధం ఖాయమయ్యే మాట.

నాన్నకి ధర చెబితే "ఐదు కిలోలా, బస్తానా?" అని రెండుసార్లు అడిగారు. మన డబ్బుల్లో 2,300 పైమాటే అన్నాను. 2024-25 సీజన్లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,300, అంటే 75 కిలోల బస్తా 1,725. ధాన్యం వేరు, బియ్యం వేరు అనుకోండి, అయినా. కాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, "అయితే ఓ వెయ్యి బకెట్లు కొనరా" అన్నారు.

బకెట్టు కబుర్లు ఆయనకి అప్పటికే కొట్టిన పిండి. చిన్ని రోజూ వీడియోలో చూపించేది. నానబెట్టిన గింజ ముక్కు పగలడం చూసి "మండె బాగా కట్టింది" అని ఆయన మెచ్చుకుంటే, మండె అంటే ఏమిటని అది నావైపు చూసింది, నేను గోడవైపు చూశాను. జులైలో బడివాళ్ళు ఇచ్చిన కాయితంలో నీళ్ళు పారబోసి మట్టి నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టమని ఉంది. పిల్ల బెంగపడిపోయింది, మొక్క చచ్చిపోతుందని. కాయితంలో ఏముందో చెప్పకుండానే తాతయ్యకి బకెట్టు చూపించింది.

"నీళ్ళు తీసెయ్యమ్మా ఇంక. పిలకలు చాలు. నేల బిగిస్తే వేరు కిందకి దిగుద్ది, రేపు గాలొచ్చినా పడదు."

చిన్ని కాయితం మీద వేలు పెట్టి ఒక్కో మాటా సరిచూసుకుంది. "తాతయ్య కరెక్ట్" అంది.

ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను. ఆయన నోట ఒక్క వాక్యం, వరి గురించి ఇలా కారణంతో సహా, నాకోసం రాలేదు. ఈర్ష్య పడ్డానంటే మీరు నవ్వుతారు.

వేసవి సెలవులకి బకెట్టు మా ఏడో అంతస్తు బాల్కనీలోకి వచ్చింది. ఆగస్టులో ఓ పొద్దున పదిన్నరకి చిన్ని కేకేసింది. ఈనింది. వెన్ను మీద గింజలు ఆకుపచ్చగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, ఒక్కోదాంట్లోంచి సన్నటి తెల్లటి పోగులు వేలాడుతున్నాయి. నలభై రెండేళ్ళొచ్చాయి నాకు. వరికి పువ్వుంటుందని నేనేనాడూ అనుకోలేదు. అక్కడ ఉదయం ఏడు. నాన్న కాఫీ గ్లాసుతో అరుగు మీద ఉన్నారు. "పూత మీద ముట్టుకోకండి, దులపకండి. గంటా రెండు గంటల్లో మూసుకుంటాయి" అన్నారు. నిజంగానే మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి నోళ్ళు మూతపడి, పోగులు మాత్రం బయట మిగిలాయి. ఆయన ఆ పూట ఫోను పెట్టెయ్యలేదు. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పాలుపోసుకునే వేళకి పిచ్చుకలు పసిగట్టాయి. బట్టల మెషీన్లో వేసే వల సంచి తొడిగి కాపాడింది పిల్ల. అక్టోబరులో కోత. బకెట్టు మళ్ళీ బడికి మోసుకెళ్ళి అక్కడ కత్తెర్లతో కోశారు. కొడవలి ఇవ్వకుండా కత్తెరేమిటని నాన్న నొచ్చుకున్నారు. వాటాకొచ్చిన గింజలు ఇంటికి తెచ్చి, గరుకు గిన్నెలో వేసి పాత బేస్‌బాల్ బంతితో రుద్దితే పొట్టు ఊడొచ్చింది. చేట లేదు కాబట్టి నేను స్టీలు పళ్ళెంతో చెరగబోయాను. తాలుతోపాటు గట్టి గింజలు కూడా సగం కింది అంతస్తుకి వెళ్ళిపోయాయి. మిగిలినవి ఎంతనుకున్నారు, కాఫీ గ్లాసుకి అడుగు. క్లాసులో అందరివీ కలిపి వండి, తలా ఒక నిమ్మకాయంత ముద్ద తిన్నారట. ఉప్పు కూడా వెయ్యలేదంది, ఎంత బాగుందో అంది.

రెండు వెన్నులు మాత్రం దాచింది. ఏం చెయ్యాలని తాతయ్యనడిగితే, కుచ్చు కట్టి గుమ్మానికి వేలాడదియ్యమన్నారు, పిచ్చుకలకి.

"వాటికా! వాటికోసమే కదా వల కట్టింది?"

తాతయ్య గట్టిగా నవ్వారు గాని జవాబు చెప్పలేదు. అది సణుక్కుంటూనే దారం వెతుక్కోడానికి వెళ్ళింది. ఫోను నా చేతికొచ్చింది. అడగనా వద్దా అనుకుని, ఆఖరికి అడిగేశాను.

"నాన్నా, మనవైపు కుదురుకి ఎన్ని మొక్కలు పెడతారు?"

"మేం చెప్పేది రెండు మూడు. ఊడ్చేవాళ్ళు పెట్టేది ఐదారు." కాసేపాగారు. కుర్చీ జరిపిన చప్పుడైంది. గొంతు తగ్గించి, పక్కనున్న అమ్మకి వినబడకుండా కాబోలు, "ఏరా, ఉద్యోగం బాగానే ఉందా?" అన్నారు.