అమ్మకు హెల్త్ పాలసీ: ఉన్న జబ్బులన్నీ రాసే తీసుకున్నాం

అమ్మకు అరవై మూడేళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ఏజెంటు వచ్చి, ఫారంలో జబ్బుల గడులన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టబోయాడు. "షుగర్ ఎవరికి లేదు మేడం? రాస్తే ప్రీమియం పెంచుతారు. మూడేళ్లు గడిస్తే ఎవరూ అడగరు" అన్నాడు.

ఆయన రెండు లెక్కలు కలిపేశాడు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్చిన నిబంధనల ప్రకారం, ముందే ఉందని చెప్పిన జబ్బుకు కవరేజీ ఇవ్వడానికి కంపెనీ మహా అయితే మూడేళ్లు ఆగమనగలదు. దాచిన జబ్బు సంగతి వేరు. ఐదేళ్లు విడవకుండా పాలసీ నడిస్తే, ఫలానాది చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. అప్పుడు కూడా మోసమని రుజువైతే ఆ రక్షణ ఉండదు. ఈలోపు ఆస్పత్రి పాలైతే? ఏజెంటు ఎక్కడుంటాడో తెలియదు, ఫారం మీద సంతకం మాత్రం మాది.

అందుకని మేమే కూర్చుని నింపాం. షుగర్ ఎప్పటినుంచి అని అడిగితే అమ్మ "ఒక పదేళ్ల నుంచీ ఉందిలే" అంది. బీరువాలోంచి పాత చీటీలు తీసి చూస్తే, మొదటి రిపోర్టుకు ఇంకా ఏడేళ్లు నిండలేదు. ఇది చిన్న తేడా కాదు. ఆస్పత్రిలో చేరినప్పుడు డాక్టరు అడిగితే పెద్దవాళ్లు ఇలాగే నోటికొచ్చిన అంకె చెబుతారు, అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలించేవాళ్లు ఆ షీట్‌ను, మన ఫారంను పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకే అమ్మకు ఆ సంవత్సరం బాగా గుర్తుండేలా రెండు మూడుసార్లు చెప్పాను.

ఆపరేషన్ల గడి దగ్గర గర్భసంచి ఆపరేషన్ రాశాం. ఆ తర్వాత, ఛాతీ నొప్పి ఎప్పుడైనా వచ్చిందా అన్న ప్రశ్న చదివాను. అమ్మ కాసేపు ఆగి, "నువ్వు డెలివరీకి వచ్చి ఉన్నప్పుడు ఒకసారి వచ్చింది. నాన్న తీసుకెళ్లి ఈసీజీ తీయించారు. గ్యాస్ అన్నారు. నీకెందుకు టెన్షన్ అని చెప్పలేదు" అంది. బీమా ఫారం అడిగితే గానీ నాకు తెలియలేదు! ఆ ఈసీజీ కాగితం కూడా జత చేశాం.

అసలు కష్టం కంపెనీ డాక్టరు ఫోన్ చేసినప్పుడు వచ్చింది. ఆ కాల్ రికార్డు అవుతుంది. "ఆరోగ్యం ఎలా ఉందమ్మా?" అని ఆయన అడగ్గానే, అమ్మ చుట్టాలతో మాట్లాడినట్టు "బాగున్నానండీ, ఏమీ లేదు, దేవుడి దయ" అనేసింది. ఫారంలో రెండు జబ్బులు, ఫోన్‌లో ఒక్కటీ లేదు. నేను స్పీకర్ ఆన్ చేసి, "అమ్మా, మాత్రల పేర్లు చెప్పు" అన్నాను. అప్పుడు మెట్‌ఫార్మిన్ నుంచి మొదలుపెట్టి అన్నీ వరసగా చెప్పింది. మీ ఇంట్లోనూ ఇలాంటి కాల్ వచ్చేదుంటే మాత్రల పట్టీలు చేతిలో పెట్టి కూర్చోబెట్టండి. "జబ్బులున్నాయా" అంటే మొహమాటపడే పెద్దవాళ్లు మాత్రల గురించి మాత్రం హాయిగా మాట్లాడతారు.

ప్రీమియం మీద లోడింగ్ వేశారు, అంటే జబ్బులున్నందుకు అదనపు మొత్తం. "ఉన్నమాట చెప్పినందుకు జరిమానానా?" అని అమ్మ గొణిగింది. షుగర్, బీపీలకు మూడేళ్ల వెయిటింగ్ పెట్టారు. మిగతా వాటికి షరతుల ప్రకారం కవరేజీ ఉంది.

పాలసీ కాగితాలు వచ్చాక ఫారంతో పోల్చి చదివాను. గర్భసంచి ఆపరేషన్ ప్రస్తావన ఎక్కడా లేదు. పాలసీ నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోపే ఫారం కాపీ జత చేసి మెయిల్ పెట్టాను. ఫోన్‌లో "పర్లేదు మేడం, అది పాతదే కదా" అన్నారు గానీ, రాతపూర్వకంగానే కావాలని పట్టుబట్టాను. సవరించిన పాలసీ పంపారు. దాని ప్రింటు తమ్ముడి దగ్గర ఒకటి, అమ్మ మందుల డబ్బాలో ఒకటి ఉంచాం.