బ్యాడ్జి మీద పేరు

రాత్రి రెండున్నర. వార్డు సగం వరకూ తుడిచాను. పసుపు బోర్డు పెట్టి మాప్ పిండుతుంటే చివరి మంచం మీది పెద్దాయన చెయ్యి ఊపాడు. ఆయన భాష నాకు రాదు. నీళ్లేమో అని గ్లాసు చూపించాను, కాదన్నాడు. నర్సును పిలవనా అని సైగ చేశాను, అదీ కాదు. చివరికి వేళ్లు సున్నాలుగా చుట్టి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. కళ్లజోడు! మంచం కింద, చక్రం వెనక పడి ఉంది. వంగి తీసి, కడిగి, తుడిచి ఇచ్చాను. పెట్టుకోగానే ఆయన చూసింది నా బ్యాడ్జిని. అక్షరం అక్షరం కూడబలుక్కుని నా పేరు చదివాడు. తప్పుగానే చదివాడు. దిద్దబుద్ధి కాలేదు.

దేశం కాని దేశంలో ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. పిలవాల్సొస్తే "క్లీనర్" అంటారు, మర్యాదస్తులైతే "సిస్టర్" అంటారు. బ్యాడ్జి తలుపులు తెరవడానికే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ రాత్రి మిగతా సగం తుడుస్తుంటే హాగరు గుర్తొచ్చింది. బైబిల్లో ఆదికాండం 16వ అధ్యాయం. ఐగుప్తు (ఈజిప్టు) మనిషి, పరాయి ఇంట్లో దాసి. యజమానురాలు శారయి "నా దాసి" అంటుంది, ఆమె భర్త అబ్రాము "నీ దాసి" అంటాడు. ఇద్దరి నోటా పేరు రాదు. కడుపుతో ఉండి, ఆ ఇంట్లో పెట్టే బాధలు పడలేక పారిపోయి, షూరు దారిలో నీటి బుగ్గ దగ్గర ఉంటే, దేవదూత మొదట పలికింది ఆమె పేరే. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని ఆ తర్వాత అడిగాడు. (ఇమిగ్రేషన్ కౌంటర్లో నన్నూ ఇవే అడిగారు, పాస్‌పోర్టులోంచి తల ఎత్తకుండా.) అప్పుడు ఆ పనిమనిషే దేవునికి పేరు పెట్టింది: "చూచుచున్న దేవుడవు నీవే."

అక్కడే నాకు మింగుడుపడని మాట కూడా ఉంది. యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లి అణిగి ఉండమంటాడు దూత. ఆ వచనం పట్టుకుని, కొట్టినా తిట్టినా ఓర్చుకో అమ్మా అని పనిమనుషులకు బోధించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. 21వ అధ్యాయం దాకా చదవరేం? అక్కడ రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి ఆమెను కొడుకుతో సహా వెళ్లగొడతారు. బెయేర్షెబా అరణ్యంలో నీళ్లు అయిపోతే పిల్లవాణ్ణి పొద కింద వదిలి, వాడి చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడుస్తుంది. ఈసారి వెనక్కి వెళ్లమనలేదు. దేవుడు ఆమె కళ్లు తెరిచాడు, నీళ్ల ఊట కనబడింది. ఊట అప్పుడే పుట్టిందని రాసి లేదు, కళ్లు తెరిచాడనే ఉంది.

ప్రార్థన కూడికల్లో దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యం అంటే వీసా రావడం, జీతం పెరగడం, రిపోర్టు నార్మల్ రావడం. నేనూ చెప్పాను, చప్పట్లూ కొట్టించుకున్నాను. నాతోపాటే ఇంటర్వ్యూకి కూర్చున్న స్నేహితురాలికి మాత్రం వీసా రాలేదు. దేవుడు మా ఇంటికొచ్చి వాళ్ల గుమ్మం దాటిపోయాడనాలా? ఆ లెక్క నాకు కుదరలేదు. అప్పటి నుంచి డ్యూటీ దిగి బస్సెక్కాక, గడిచిన రాత్రిని మొదటి నుంచి ఒకసారి తిరగేసుకుంటాను, ఎక్కడైనా ఆయన ఉండి నేను చూడలేదా అని. ఇది నా సొంత తెలివేం కాదు, 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా తన వాళ్లకు నేర్పిన అలవాటు. చాలా రోజులు ఏమీ దొరకదు. సగం దారిలోనే కునుకు పట్టేస్తుంది.

ఆ రోజు మాత్రం బస్సు దాకా ఆగలేదు. ఉదయం ఆరింటికి నా దగ్గర ట్రాలీ తాళం తీసుకునే అమ్మాయిది ఇంకో దేశం. మూడేళ్లుగా ఆమెకు నేను సిస్టర్, నాకు ఆమె సిస్టర్. తాళం ఇస్తూ ఆమె బ్యాడ్జి చూసి పైకి చదివాను. నవ్వేసింది. అలా కాదని రెండుసార్లు పలికి చూపించింది. మూడోసారికీ చివరి అక్షరం దగ్గర నాకు నోరు తిరగలేదు.